కారు నెత్తిన కట్టిన నిర్లక్ష్యం

సర్ఫ్‌బోర్డులనూ గుడారం సామానునూ కలిపి కారు టాపు మీద తాడుతో చుట్టేసి జాతీయ రహదారి ఎక్కేవాళ్ళను పోలీసులు ఆపాలి. ఆపి, ఆ మూటలు అక్కడే దింపించాలి. చట్టంలో ఆ అధికారం ఉంది, వాడే అలవాటే లేదు. హెల్మెట్ లేని కుర్రాడిని పరుగెత్తి పట్టుకునే కానిస్టేబులు, నెత్తిన తొమ్మిదడుగుల పలకలు ఊపుకుంటూ పోయే కారుకు మాత్రం పక్కకు జరిగి దారిస్తాడు. సరదాగా పోతున్నారు, ఉన్నవాళ్ళు, పెళ్ళాంబిడ్డలతో ఉన్నారు, పోనీలే అని. ఆ ‘పోనీలే’కు ఇక కాలం చెల్లాలి.

మన తీరంలో అలల మీద బోర్డుతో తేలిపోయే సర్ఫింగ్ ఆట వేళ్ళూనుకుంటున్న మాట నిజం. కర్ణాటకలో ముల్కి దగ్గర పుంజుకుని, చెన్నై శివారు కోవలంలో మత్స్యకార కుటుంబాల కుర్రాళ్ళ చేతుల్లో పెరిగి, విశాఖలో రుషికొండ, లాసన్స్‌ బే దాకా వచ్చింది. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ పోటీల్లో రమేశ్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వ్యక్తిగత విభాగంలో పతకం అందుకున్న తొలి భారతీయుడు అతనే. ఇది సంతోషించాల్సిన విషయం, ఈ పత్రికకూ సంతోషమే. నిన్నమొన్నటిదాకా బోర్డు కావాలంటే తీరంలో గంటకింత అని అద్దెకు తీసుకునేవాళ్ళు, ఇప్పుడు కొందరు సొంతంగా కొంటున్నారు. కొన్నది గోడకు ఆనించి చూసుకోవడానికి కాదు కదా, కారెక్కాలి. హైదరాబాదు నుంచి విశాఖ 600 కిలోమీటర్ల పైమాట. అంత దూరం వచ్చినవాళ్ళు అలలతో సరిపెట్టుకోరు. అటునుంచి అటే అరకు, లంబసింగి, వంజంగి కొండలకు. చలిలో గుడారం, తెల్లారగట్ల మేఘాలు. అందుకని బోర్డుల పక్కనే గుడారం సంచీ, మడత కుర్చీలు, ఐసుపెట్టె, గ్యాసు పొయ్యి, నీళ్ళ క్యాను కూడా టాపు ఎక్కుతాయి.

అలాంటి కారు టీకొట్టు దగ్గర ఆగినప్పుడు ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. టాపుకు రెండు పక్కలా వెండిరంగు పట్టాలు మెరుస్తుంటాయి. కొన్ని మోడళ్ళలో అవి కేవలం అలంకారం. వాటికి సామాను కట్టవద్దని కారుతో పాటు ఇచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డాష్‌బోర్డు అరలో పడి ఉంటుంది. నైలాన్ తాడు ఆ పట్టా కింద దూరి, బోర్డుల మీదుగా పోయి, అవతలి పట్టా దగ్గర సులువుగా ఊడేట్టు వేసిన జారుముడితో ఆగుతుంది. తాడు చాలనిచోట బైకు వెనక సంచీ కట్టుకునే రబ్బరు తాడు, దాని తుప్పు పట్టిన కొక్కెంతో సహా. బోర్డు ముక్కు ముందు అద్దం మీదికి మూరెడు చొచ్చుకొచ్చి ఉంటుంది. బోర్డు అంచుకు ఆనుకుని ఇనప కాళ్ళ మడత బల్ల. దాని మీద నీళ్ళ క్యాను. అన్నిటినీ కప్పుతూ నీలం టార్పాలిన్, ఒక మూల అప్పటికే చిరిగి పేలికలై ఉంటుంది. నాలుగు తలుపులూ మూసి లోపల పాటలు పెట్టుకున్నవాళ్ళకు ఆ పేలిక టపటపలు వినపడవు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మామూలు కార్లలో నడుస్తున్నప్పుడు టాపు మోయగల బరువుగా కంపెనీలు చెప్పేది చాలావరకు 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. 75 అనుకుందాం. అందులో క్యారియర్ బరువు కూడా కలిసే ఉంటుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఇనప బుట్టలాంటి క్యారియర్ ఒక్కటే 20 కిలోలు తింటుంది. మిగిలింది 55. పొడుగు బోర్డులు రెండు, ఒక్కోటి ఏడేసి కిలోలు. మిగిలింది 41. కుటుంబమంతా పట్టే గుడారం పది కిలోలకు తగ్గదు. 20 లీటర్ల నీళ్ళంటే 20 కిలోలు. ఇక 11 కిలోలు. కుర్చీలు, బల్ల, నిండిన ఐసుపెట్టె ఇంకా కిందే ఉన్నాయి. కొండలెక్కడానికే పుట్టిందని అందరూ మెచ్చుకునే చిన్న బండి జిమ్నీకి ఆస్ట్రేలియాలో కంపెనీ చెప్పిన టాపు పరిమితి 30 కిలోలు. అంటే ఆ ఇనప బుట్టా రెండు బోర్డులూ ఎక్కించగానే హద్దు దాటిపోయినట్టే. టాపు మీద పరుచుకునే గుడారాలు ఇప్పుడు ఫ్యాషనయ్యాయి. వాటి బరువే 50 కిలోలకు పైన. ‘దానిమీద ఇద్దరు పడుకుంటే లేనిది, రెండు మూటలకు వచ్చిందా’ అని వాదించేవాళ్ళున్నారు. నిలిపిన కారు మోసేది వేరు, పరుగెత్తే కారు మోసేది వేరు. గోతిలో పడ్డప్పుడు, బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు అదే బరువు టాపును కొట్టే దెబ్బ మారిపోతుంది. కొన్ని కంపెనీలు రెండు అంకెలు వేరువేరుగా ఇచ్చేది అందుకే.

బరువు ఒక ఎత్తు, గాలి మరో ఎత్తు. నాలుగు వరుసల రహదారిపై కార్లకు 2018లో కేంద్రం ఖరారు చేసిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఆ వేగంతో పోయే కారుకు ఎదురయ్యే గాలి చదరపు మీటరుకు దాదాపు 47 కిలోల బరువంత బలంతో నెడుతుంది. తొమ్మిదడుగుల బోర్డు వైశాల్యం చదరపు మీటరు పైమాట. అల మీద ముక్కు మునిగిపోకుండా దాన్ని పైకి వంచి చేస్తారు. నీళ్ళలో బోర్డును కాపాడే ఆ వంపే రోడ్డు మీద దాని కింద గాలిని పోగుచేస్తుంది. బోర్డు బరువు ఏడు కిలోలైతే దాన్ని పైకెత్తే బలం అంతకు రెండు మూడింతలు తేలిగ్గా ఉంటుంది. పైగా వేగం 50 నుంచి 100కు పెరిగితే ఆ బలం నాలుగింతలవుతుంది. భీమిలి బీచ్‌రోడ్డులో కదలకుండా కూర్చున్న కట్టు, ఎన్‌హెచ్ 16 ఎక్కి లారీని దాటబోతే లేచి కూర్చోవడానికి కారణం అదే. లారీ నీడలోంచి బయటపడ్డ క్షణంలో పక్కనుంచి ఒక తోపు, గోదావరి వంతెన మీద అడ్డగాలి మరొక తోపు. జారుముడి ఎన్ని తోపులు కాస్తుంది?

అక్కడినుంచి అరకు ఘాట్ ఎక్కితే సంగతి ఇంకా కష్టం. టాపు మీద బరువు పెరిగేకొద్దీ కారు గురుత్వ కేంద్రం పైకి పోతుంది. మలుపులో బండి బయటివైపు ఒరుగుతుంది, స్టీరింగ్ తిప్పిన చేయికి ఆలస్యంగా జవాబిస్తుంది. దిగేటప్పుడు బ్రేకు వేస్తే వెనక సరిగా కట్టని సామాను ముందుకు దూకుతుంది. ముందు అద్దం మీదికి దూకితే తన ప్రాణం మీదికి, రోడ్డు మీదికి దూకితే ఎదుటివాడి ప్రాణం మీదికి.

ఎదుటివాడు ఎవరో కూడా చెప్పుకోవాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్ళు. విదేశాల రోడ్ల మీద కారు వెనక సాధారణంగా ఇంకో కారు ఉంటుంది. ఎగిరొచ్చిన బోర్డు దాని అద్దాన్ని పగలగొట్టినా లోపలివాడికి సీటుబెల్టూ గాలిసంచీ ఉంటాయి. మన రోడ్డు మీద కారు వెనక వచ్చేది భార్యను వెనకా బిడ్డను ముందూ కూర్చోబెట్టుకున్న మోటారుసైకిలు. గాల్లో గిరికీలు కొడుతూ వచ్చే ఏడు కిలోల ఫైబర్‌గ్లాస్ పలక, దాని తోకకు కత్తుల్లా నిలిచిన ఫిన్నులు ఆ ముగ్గురిని ఏం చేస్తాయో ఊహించడానికి ఇంజనీరు కానక్కరలేదు.

అన్ని సీటుబెల్టులున్న అమెరికాలోనే సంగతి చూడండి. రోడ్డు మీద పడ్డ వస్తువుల వల్ల 2011 నుంచి 2014 వరకు నాలుగేళ్ళలో 2 లక్షలకు పైగా ప్రమాదాలు, సుమారు 39 వేల మందికి గాయాలు, 500కు పైగా మరణాలు అని అక్కడి వాహనదారుల సంస్థ ట్రిపుల్ ఏకు చెందిన రోడ్డు భద్రతా ఫౌండేషన్ తేల్చింది. మూడింట రెండు వంతులకు మూలం సరిగా కట్టని సామానో, సరిగా చూసుకోని బండి నుంచి ఊడిన భాగమో. వాషింగ్టన్ రాష్ట్రంలో 2004లో ఒక ట్రైలరు మీంచి ఊడిపడిన సామాను వెనక కారు అద్దంలోంచి దూసుకుపోయి ఒక యువతి చూపు పోగొట్టింది. మరుసటి ఏడాదే అక్కడ సామాను కట్టకుండా వదిలి ఎవరినైనా గాయపరిస్తే నేరమని చట్టం తెచ్చారు. చేతులు కాలాకే ఆకులు పట్టుకున్నారు, అయినా పట్టుకున్నారు.

మన దగ్గర చట్టం కొరత లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చిన 194(1ఎ) సెక్షన్ ప్రకారం, సామాను పరిమితి దాటి పక్కలకో ముందుకో వెనక్కో ఎత్తుకో పొడుచుకొస్తే 20 వేల రూపాయల జరిమానా. దింపించే ఖర్చు కూడా బండివాడిదే. పొడుచుకు రాకుండా సరిచేసేదాకా బండి కదలకూడదు. అదే సవరణతో వచ్చిన 182ఎ(4), అనుమతి లేకుండా బండి రూపం మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వేయవచ్చంటోంది. ఇన్ని సెక్షన్లుండీ కారు మీద క్యారియర్ వేయవచ్చా కూడదా అని అడిగితే ఒక్కో రవాణా కార్యాలయంలో ఒక్కో జవాబు. ముందు బంపరుకు ఇనప కడ్డీలు తగిలించడం చెల్లదని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలకు స్పష్టంగా రాసింది, ఆ ఉత్తరం పుణ్యమా అని కొన్నాళ్ళు తనిఖీలూ జరిగాయి. టాపు మీద క్యారియర్ విషయంలోనూ అలాంటి ఒక్క ఉత్తరం కావాలి. ఏ క్యారియర్ చెల్లుతుంది, దాని మీద ఎంత బరువు, ఎంత ఎత్తు, ముందు వెనకలకు ఎంత పొడుగు, ఎన్ని పట్టీలు. అది లేకపోవడం వల్ల పద్ధతిగా కట్టుకున్నవాడు చెక్‌పోస్టులో చేతులు తడపాల్సి వస్తోంది, అడ్డగోలుగా కట్టినవాడు దర్జాగా పోతున్నాడు. ఈ గందరగోళానికి పూర్తి బాధ్యత రవాణా శాఖదే.

పద్ధతి ఏమిటన్నది రహస్యమేమీ కాదు, సర్ఫింగ్ నేర్పేవాళ్ళందరికీ తెలుసు. కంపెనీ ఒప్పుకున్న చోట బిగించిన రెండు అడ్డకడ్డీలు, వాటికి మెత్తని తొడుగు. బోర్డును బోర్లించాలి, నిలబడే వైపు కిందికి, ఫిన్నులు పైకి. ఫిన్నులున్న తోక కారు ముందుకు, ముక్కు వెనక్కి. అప్పుడు బోర్డు వెనక్కి జారబోయినా ఫిన్నులు పట్టీకి తగిలి ఆగుతాయి, గాలికి అందే వంపు కూడా తగ్గుతుంది. పెద్ద బోర్డు అడుగున, చిన్నది పైన. పట్టీ వెడల్పుగా ఉండాలి, లాగి బిగించే కట్టుతో ఉండాలి. లారీలకు వాడే పళ్ళచక్రపు బిగింపు పనికిరాదు, అది బోర్డు లోపలి నురుగును నలిపేస్తుంది. ముందు కడ్డీకి ఒకటి, వెనక కడ్డీకి ఒకటి. పట్టీలో ఒక మెలిక వేస్తే గాలికి బుయ్‌మని మోగదు. పదిహేను కిలోమీటర్లు పోయాక ఆగి, చేత్తో లాగి చూసి, మళ్ళీ బిగించాలి. దాబా ముందు ఆగిన లారీ క్లీనరు టీ గ్లాసు పట్టుకునే ముందు మోకులు లాగి చూస్తాడు. అతనికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. పాతిక లక్షల కారు నడిపేవాడికి ఆ పాటి శ్రద్ధ బరువైపోయింది.

ఇక గుడారం సామాను. బోర్డుల పక్కన టాపు మీద దానికి చోటు కావాలంటే మూత ఉన్న గట్టి పెట్టె ఒక్కటే దారి. అదీ తేలికవాటికే, దుప్పట్లు, చాపలు, పడక సంచులు. నీళ్ళు, ఐసుపెట్టె, పొయ్యి, ఇనప సామాను అంతా కారు లోపల, వెనక సీటుకు ఆనించి, కిందికి, కదలకుండా కట్టి పెట్టాలి. గ్యాసు సిలిండరును ఎండలో టాపు మీద కట్టుకుని పోయేవాడి గురించి ఈ సంపాదకీయంలో రాయదగ్గ మాటలు లేవు. బోర్డు మీద ఏదీ పెట్టకూడదు, బోర్డు అంచుకు గట్టి వస్తువు ఏదీ తగలకూడదు. టార్పాలిన్ అసలే వద్దు, అది తెరచాప.

ఆస్ట్రేలియాలో సామాను కట్టుకు జాతీయ రవాణా సంఘం ప్రకటించిన కొలతలున్నాయి. బరువులో 80 శాతానికి సమానమైన బలం ముందుకు, 50 శాతం పక్కలకు, 50 శాతం వెనక్కి, 20 శాతం పైకి లాగినా కట్టు ఊడకూడదు. 50 కిలోల మూటకు ముందువైపు 40 కిలోల లాగుడు తట్టుకోవాలన్నమాట. చిన్న వాహనాల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకం కూడా అచ్చేశారు. మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో స్థిరపడి, వారాంతాల్లో ఇవే బోర్డులూ గుడారాలూ కట్టుకుని తీరానికి పోయే తెలుగు కుటుంబాలు ఆ నియమాలు అక్షరాలా పాటిస్తాయి. పాటించకపోతే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. అవే కుటుంబాలు సంక్రాంతికి ఇంటికొచ్చి, అద్దె ఇన్నోవా టాపు మీద ఆరు సూట్‌కేసులు ఒక్క తాడుతో కట్టించుకుని విమానాశ్రయం నుంచి ఊరికి బయల్దేరతాయి. మనిషి మారలేదు, అడిగేవాడు మారాడు.

‘పాడేరు ఏజెన్సీలో జీపుల టాపు మీద మనుషులే వేలాడుతూ పోతున్నారు, ఇసుక లారీలు హద్దు మీరుతున్నాయి, వాళ్ళనొదిలి ఏడాదికి రెండుసార్లు షికారు పోయే మా మీద పడతారా’ అన్న మాట తప్పక వస్తుంది. ఇసుక లారీలను వదలమని ఎవరూ అనడం లేదు, వాటి మీద ఈ పత్రిక రాసిందీ తక్కువ కాదు. జీపు టాపు ఎక్కిన గిరిజనుడి సంగతి వేరు. బస్సు రాని ఊరు అతనిది, సంతకు పోకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. అతన్ని టాపు ఎక్కించింది ప్రభుత్వం, ఆ జవాబు ప్రభుత్వమే చెప్పాలి. సర్ఫ్‌బోర్డు కట్టుకున్నవాడిని టాపు మీదికి ఎవరూ తరమలేదు. సరదా కోసం ఎదుటివాడి ప్రాణం పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఇలాంటి కార్లు ఎన్ని ఉన్నాయిలే అన్నది మరో వాదన. ఈ రోజు తక్కువే కావచ్చు. కానీ అదే తాడు, అదే ముడి పరుపులకూ సైకిళ్ళకూ సోఫాలకూ వాడుతున్నారు. తప్పుడు కట్టు మీద చర్య మొదలైతే అన్నిటికీ వర్తిస్తుంది.

ఇంధనం సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేద్దాం. టాపు మీద పెద్ద పెట్టె పెట్టుకుని హైవే వేగంతో పోతే మైలేజీ ఆరు నుంచి పదిహేడు శాతం దాకా పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. పని లేనప్పుడు ఖాళీ క్యారియర్‌ను కూడా ఊడదీసి ఇంట్లో పెట్టుకోవడం మంచిది. పెట్రోలు ధర గురించి రోజూ గొణిగేవాళ్ళే అది మూడేళ్ళయినా దించరు.

ఈ పత్రిక కోరేవి పెద్ద కోరికలు కావు. కారు కంపెనీలు టైర్లలో గాలి ఎంతుండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు వేస్తున్నాయి, టాపు పరిమితి కూడా అక్కడే తెలుగులో, హిందీలో వేయాలి. ఆ పట్టాలు అలంకారానికే అయితే అమ్మేటప్పుడు ఆ మాట నోటితో చెప్పాలి. క్యారియర్లు బిగించే దుకాణాలు బరువు రాసిచ్చి సంతకం తీసుకోవాలి. బోర్డులు అమ్మేవాళ్ళు, అద్దెకిచ్చేవాళ్ళు రెండు పట్టీలు లేని కారుకు బోర్డు ఎక్కించకూడదు, గిరాకీ పోతుందని మొగమాటపడితే రేపు పోయేది వాళ్ళ పేరే. పోలీసులు శనివారం పొద్దున బీచ్‌రోడ్డు చివరా, అరకు ఘాట్ మొదట్లోనూ నిలబడి ఒక్కో కారు తాడును చేత్తో లాగి చూడాలి. కదిలిందా, దింపించాలి. హద్దు దాటి పొడుచుకొచ్చిందా, 20 వేలకు చలానా రాయాలి. చేతిలో పెట్టబోయిన ఐదొందలు తీసుకుని పంపించే పోలీసు కూడా ఆ నేరంలో భాగస్వామే.

వారాంతానికి బయల్దేరుతున్న పాఠకులకు ఒక మాట. రెండూ పద్ధతిగా పట్టకపోతే ఒకటి ఇంట్లో వదిలేయండి. బోర్డు రుషికొండలో అద్దెకు దొరుకుతుంది. గుడారం అరకులో దొరుకుతుంది.